గుంటల్ని కాదు, గింజ పట్టే చెట్లని లెక్కపెట్టించండి

గౌరవనీయులైన రాష్ట్ర అటవీ, పర్యావరణ శాఖ మంత్రి గారికి,

నమస్కారం. మాది విజయవాడ, భవానీపురం. ముప్పయ్యేళ్లు హైస్కూలు పిల్లలకి జీవశాస్త్రం చెప్పి రిటైరయ్యాను. కొండపల్లి అడవి గురించి మీకు రాయాలని ఎప్పటినుంచో ఉంది. ఇన్నాళ్లకి నన్ను కూర్చోబెట్టి రాయించింది మాత్రం అమెరికాలో చూసిన ఒక కొండ.

మా అమ్మాయి వాళ్లు నార్త్ కరొలినాలో, షార్లెట్‌లో ఉంటారు. ఈ ఊళ్లో చాలామంది తల్లిదండ్రుల్లాగే మేమూ ఆరు నెలలు ఉండొచ్చాం. అక్టోబరులో ఒక శనివారం మమ్మల్ని స్మోకీ కొండలకి తీసుకెళ్లారు. అక్కడ కువోహీ అనే శిఖరం ఉంది, ఎత్తు 6,643 అడుగులు. ఎవరో పాత సెనేటర్ పేరుతో పిలిచే ఆ కొండకి 2024లో అక్కడి ఆదివాసులైన చెరొకీ వాళ్ల అసలు పేరు తిరిగి పెట్టారు. కారు దిగాక అర మైలే నడక, కానీ ఒకటే ఎక్కుడు. నేను మూడుచోట్ల కూర్చున్నాను.

పైకి చేరేసరికి వాన లేదు, అయినా చెట్ల నుంచి నీళ్లు బొట్లు బొట్లుగా కారుతున్నాయి. కొండని రాసుకుంటూ పోయే మబ్బుని ఆ సూదుల్లాంటి ఆకులు వడగట్టి కిందికి దించుతాయి. వానతో పాటు ఈ మబ్బు నీళ్లు కూడా తాగి బతికే అడవి అది. అక్కడ ముఖ్యంగా రెండే చెట్లు, రెడ్ స్ప్రూస్, ఫ్రేజర్ ఫర్. స్ప్రూస్ ఆకు చేతికి గుచ్చుకుంటుంది, ఫర్ ఆకు మెత్తగా ఉంటుంది. స్ప్రూస్ కాయలు కిందికి వేలాడతాయి, ఫర్ కాయలు కొమ్మ మీద ప్రమిదలు పెట్టినట్టు నిటారుగా నిలబడతాయి. ఫర్ బెరడు మీద బొబ్బల్లాంటివి ఉంటాయి, వాటినిండా జిగురు. దాన్ని పాలతో పోల్చి అక్కడి పాతకాలం వాళ్లు ఫర్‌ని ఆడ చెట్టనీ స్ప్రూస్‌ని మగ చెట్టనీ అనేవాళ్లట. మంచుయుగంలో చలితో పాటు దక్షిణానికి దిగొచ్చిన ఈ చెట్లు, నేల వేడెక్కేకొద్దీ కొండెక్కుతూ పోయి శిఖరాల మీద మిగిలాయి. ఇంకా పైకి పోదామంటే అక్కడ కొండ లేదు.

ఆ పచ్చదనం మధ్యలో బూడిదరంగు మోళ్లు కనిపించాయి. కొమ్మల్లేవు, బెరడు లేదు, నిలువునా ఎండిన కర్రలు. మన పొలాల్లో పేనుబంకకి చుట్టమైన ఒక పురుగు చేసిన పని అది. మిల్లీమీటరు కూడా ఉండదు, ఒంటి నిండా తెల్లటి దూది. నర్సరీ మొక్కలతో పాటు యూరప్ నుంచి వచ్చింది. అమెరికాలో దానికి మగపురుగే లేదు, ఆడవే గుడ్లు పెట్టి ఆడవాటినే పుట్టిస్తాయి (తరగతిలో ఈ మాట చెబితే వెనక బెంచీల వాళ్లు కూడా లేచి కూర్చునేవాళ్లు). ముట్టె గుచ్చి రసం పీలుస్తుంది. దాని ఉమ్మికి లోపలి కర్ర గట్టిపడి, నీళ్లు పైకెక్కే దారి మూసుకుపోతుంది. 1957లో అదే వరసలోని మిచెల్ కొండ మీద కనబడింది, 1963 నాటికి స్మోకీల్లోకి వచ్చేసింది. ఆ తర్వాత ఎదిగిన ఫర్ చెట్లు చాలామటుకు పోయాయి.

చెట్టుతో పాటు పోయేవి ఇంకా ఉన్నాయి. ఆ చెట్ల నీడలో, రాళ్ల మీది తడి నాచులో బతికే సాలీడు ఒకటుంది, మూడు నాలుగు మిల్లీమీటర్లే. పురుగు ఆ సాలీడు జోలికి పోలేదు. నీడ పోయింది, నాచు ఎండింది, అంతే. 1995లో అమెరికా ప్రభుత్వం దాన్ని అంతరించిపోతున్న ప్రాణుల జాబితాలో చేర్చింది.

మీకు ముఖ్యంగా చెప్పాలనుకున్నది ఆ మోళ్ల కింద చూసిన సంగతి. వాటి కింద చిన్న ఫర్ మొక్కలు చేలో నారు పోసినట్టు ఒత్తుగా, పచ్చగా ఉన్నాయి. "హమ్మయ్య, అడవి మళ్లీ వచ్చేస్తోంది" అన్నాను. తర్వాత చదివితే తెలిసింది, లేత చెట్టు బెరడు నున్నగా ఉన్నంతకాలం పురుగుకి అంతగా చోటు దొరకదట. చెట్టు ఎదిగి, బెరడు బీటలు వారి, ఇక గింజ పట్టే వయసొచ్చేసరికి ఆ బీటల్లో చేరుతుంది. కాబట్టి అక్కడ మొక్కల్ని లెక్కపెడితే అడవి బ్రహ్మాండంగా ఉన్నట్టే. గింజ పట్టాక నాలుగు కాలాలు నిలిచే చెట్లని లెక్కపెడితే గానీ సంగతి తెలియదు.

డిసెంబరు వచ్చాక మా అమ్మాయి క్రిస్మస్ చెట్టు తెచ్చింది. అదీ ఫ్రేజర్ ఫరే! తోటల్లో మందులు కొట్టి లక్షల్లో పెంచుతారు. కొండ మీద చస్తున్న చెట్టు షాపు ముందు వరసగా పేర్చి ఉంది. నేను ఇక్కడినుంచి పట్టుకెళ్లిన కొండపల్లి అంబారీ ఏనుగుని మా మనవరాలు ఆ చెట్టు కింద పెట్టింది. అప్పుడు నాకు ఆ బొమ్మకి కర్రనిచ్చే తెల్లపొణికి చెట్టు గుర్తొచ్చింది.

మీకు తెలియనిది కాదు, ఆ బొమ్మకి పొణికే కావాలి. తేలిక కర్ర. సన్నటి సెగ మీద తడి పోగొట్టి, ఉలితో చెక్కి, తొండం, చెవులు విడిగా చేసి, చింతగింజల పొడీ రంపపు పొట్టూ కలిపిన మక్కుతో అతికిస్తారు. ఆ కర్ర దొరకడం కష్టమైందని కొండపల్లి వాళ్లు ఏళ్ల తరబడి చెబుతున్నారు. బొమ్మలు మాత్రం ఎయిర్‌పోర్టులో కూడా దొరుకుతున్నాయి. సంక్రాంతి కొలువులో ఇప్పటికీ పై మెట్టు మీద దశావతారాలు పెడుతున్నాం.

పొణికికి పురుగు పట్టిందని నేననడం లేదు. అక్కడి మబ్బు అడవికీ, ఎండాకాలం ఆకు రాల్చే మన రాళ్లకొండ అడవికీ పోలిక లేదని కూడా తెలుసు. పోలిక లెక్క దగ్గరే. నేను పనిచేసిన ఒక బడి పక్కన ఓ గుంట ఉండేది. వరసగా మూడేళ్లు వనమహోత్సవం నాడు ఆ గుంటలోనే మొక్క నాటి ఫొటో దిగాం. బ్యానర్ మీద సంవత్సరం మారేది, అంతే. కాగితాల్లో మూడు మొక్కలు, నేల మీద ఒక గుంట. చేతికి మట్టి అంటించుకుని ఫొటోలో నవ్విన వాళ్లలో నేనూ ఉన్నాను.

అందుకే అడుగుతున్నాను. కొండపల్లి అడవిలో గింజ పట్టే పొణికి చెట్లు ఎన్ని ఉన్నాయో బీట్ల వారీగా (ఒక్కో బీట్ ఆఫీసర్ కింద ఉండే అడవి ముక్క వారీగా) లెక్క తీయించి అందరికీ చూపించండి. నాటిన మొక్కల్ని మూడో ఏట ఒకసారి, ఏడో ఏట ఒకసారి మళ్లీ వెళ్లి చూడమనండి. బతకనివి బతకలేదనే రాయమనండి, దానికి కింది ఉద్యోగి మీద మెమోలు వేయొద్దు. పొణికి గింజ పెంకు గట్టిది, పడ్డవన్నీ మొలవవు. నర్సరీలో ఓపిగ్గా మొలిపించాలి. త్వరగా పచ్చబడుతుందని దాని చోట కోనోకార్పస్ లాంటివి పెట్టొద్దు. ఇక గ్రావెల్ తవ్వకాల సంగతి. కొండనే లారీల్లో ఎత్తుకుపోయాక మొక్క ఎక్కడ నాటాలి?

బుడమేరు వాగు కూడా మైలవరం వైపు కొండల్లోనే పుడుతుంది. 2024 సెప్టెంబరులో సింగ్‌నగర్‌లో మా చెల్లెలి ఇంట్లో నీళ్లు ఫ్యాను దాకా వచ్చాయి. దానికి కారణాలు చాలా ఉన్నాయి, అడవి ఒక్కటే అనను. బోడికొండ మీద పడ్డ వాన ఎక్కడా ఆగదని మాత్రం ఆరో తరగతి పిల్లలకి కూడా చెప్పేదాన్ని.

లెక్కకి మనుషులు చాలరంటే నా పాత విద్యార్థులు పాతికమంది దాకా ఈ ఊళ్లోనే ఉన్నారు. ఆదివారాలు వస్తామన్నారు. ఒక బీట్ ఆఫీసర్‌ని తోడిస్తే చాలు. పొద్దున్న ఆరింటికల్లా కొండ కింద ఉంటాం. ఎండెక్కితే నా మోకాళ్లు ఒప్పుకోవు.

ఇట్లు,
ఒక రిటైర్డ్ జీవశాస్త్రం టీచరు,
భవానీపురం, విజయవాడ