మెదడు పడుకోదండీ

సంపాదకుల వారికి నమస్కారం.

గత ఆదివారం పరీక్షలకు చదివే పిల్లల కోసం మీరు వేసిన పేజీ చదివాను. ఆకుకూరలు తినాలి, నీళ్లు బాగా తాగాలి, ఫోన్ పక్కన పెట్టాలి, అన్నీ బాగానే ఉన్నాయి. మూడో కాలమ్‌లో ఒక వాక్యం దగ్గర మాత్రం ఆగిపోయాను. నిద్రలో మెదడు పని ఆపేసి విశ్రాంతి తీసుకుంటుందనీ, కాబట్టి పరీక్షల ముందు రెండు నెలలు అయిదు గంటల నిద్రతో సరిపెట్టుకోవచ్చనీ రాశారు. మా అల్లుడు ఆ ముక్కకి ఎర్రగీత గీసి, ఫోటో తీసి మా ఫ్యామిలీ గ్రూపులో పెట్టాడు. కింద 'చూశారా అత్తయ్యా, పేపర్లోనే వేశారు' అని ఒక మెసేజ్. వారం నుంచి ఆ మాట ముల్లులా గుచ్చుకుంటోంది.

నేను డాక్టర్ని కాను. హైదరాబాద్‌లో ఒక ఆస్పత్రిలో 1989 నుంచి ఇ.ఇ.జి. టెక్నీషియన్‌గా చేసి, రిటైరయ్యాక తెనాలి వచ్చేశాను. ఇ.ఇ.జి. అంటే తలకి వైర్లు అంటించి, మెదడులో పుట్టే సన్నటి కరెంటుని పెన్నులతో కాగితం మీద గీతలుగా గీయించడం. ఆ సర్వీసులో పదిహేడేళ్లు నైట్ డ్యూటీలే. పేషెంటు ఆ గదిలో పడుకుంటే ఈ గదిలో నేను కూర్చుని తెల్లవార్లూ వాళ్ల నిద్ర చూడాలి. నా ఉద్యోగం ఏమిటని ఎవరైనా అడిగితే మా వారు 'ఊళ్లోవాళ్ల నిద్రకి కాపలా' అనేవారు.

ఆ కాపలా ఎలా ఉంటుందో కాస్త చెప్పనివ్వండి. పేషెంటు సాయంత్రం ఏడింటికి వస్తారు. తలకి నూనె రాయొద్దు, షాంపూతో స్నానం చేసి రండి అని ముందే ఫోన్ చేసి చెప్తాం. అయినా సగం మంది కొబ్బరినూనె దట్టించి, నున్నగా దువ్వుకుని మరీ వస్తారు. నూనె ఉంటే ఎలక్ట్రోడు పట్టదు. స్పిరిట్ దూదితో పాయ పాయా తుడిచి, టేపుతో తల కొలిచి, నడినెత్తికి అటూ ఇటూ, తల వెనక, చెవుల వెనక ఎముక మీద, కళ్ల పక్కన, గడ్డం కింద ఒక్కో వైరు పేస్టుతో అంటించేసరికి గంట పడుతుంది. తర్వాత మైకులో చెప్తాం: కళ్లు మూయండి, తెరవండి, తల కదపకుండా కుడికి చూడండి, ఎడమకి చూడండి, పళ్లు బిగించండి. ఏ గీత దేనిదో అప్పుడు తేలుతుంది. ఇక లైటు తీసేస్తాం.

కళ్లు మూసుకుని మెలకువగా ఉన్న మనిషికి తల వెనక నుంచి వచ్చే గీత దువ్వెన పళ్లలా ఉంటుంది, సెకనుకి 8 నుంచి 13 పళ్లు. దాని పేరు ఆల్ఫా. జర్మనీలో యేనా అనే ఊళ్లో హాన్స్ బెర్గర్ అనే మానసిక వైద్యుడు 1924లో మొదటిసారి మనిషి మెదడు కరెంటుని పట్టి, 1929లో ప్రచురించాడు. ఈ ఆల్ఫాకి ఆ పేరు పెట్టింది ఆయనే. కునుకు పట్టగానే దువ్వెన పళ్లు ఊడిపోతాయి. గీత చిన్నదై చెదురుతుంది. కళ్లు ఉయ్యాల ఊగినట్టు మెల్లగా అటూ ఇటూ తిరుగుతాయి. ఇది మొదటి దశ, మనం మాగన్ను అంటామే, అది. ఈ దశలో లేపితే చాలామంది 'నేనెక్కడ నిద్రపోయాను' అంటారు. టీవీ ముందు మా వారు రోజూ చెప్పేదీ ఆ మాటే.

నాలుగైదు నిమిషాలు గడిచాక రెండో దశ. రాత్రి నిద్రలో దాదాపు సగం ఇదే. ఇందులో ఉన్నట్టుండి చిన్న చిన్న అలలు గుంపుగా లేచి, మధ్యలో లావై, చివర సన్నబడి అరసెకనులోనో సెకనులోనో అయిపోతాయి. ఇంగ్లీషులో స్పిండిల్ అంటారు, అంటే కదురు. మా అమ్మమ్మ రాట్నం తిప్పగా నేను చూశాను కాబట్టి ఆ పేరు ఎందుకు పెట్టారో నాకు ఎవరూ చెప్పక్కర్లేకపోయింది. నూలు చుట్టిన కదురు అచ్చం అలాగే ఉంటుంది. కొత్త పాఠం నేర్చుకున్న రోజు రాత్రి ఈ కదుళ్లు పెరుగుతాయని పరీక్షలు చేసి చూశారు. ఈ దశలోనే కె కాంప్లెక్స్ అని ఒక పెద్ద కోర వస్తుంది. కారిడార్లో ట్రాలీ చప్పుడైతే చాలు, పెన్ను ఒక్కసారి పైకి ఎగిరి కిందకి దిగుతుంది. పేషెంటు కదలడు, లేవడు. కానీ చప్పుడు విన్నాడు, అది లేవాల్సిన చప్పుడు కాదని మెదడు తేల్చేసింది. పేరు పెట్టి పిలిస్తే ఆ కోర ఇంకా సులువుగా వస్తుంది. పని ఆపేసిన మెదడుకి పేరు ఎలా తెలుస్తుందండీ?

మూడో దశ గాఢనిద్ర. సెకనుకి ఒకటో రెండో వచ్చే పెద్ద పెద్ద అలలు, డెల్టా. 2007 దాకా దీన్ని మూడు, నాలుగు అని విడదీసి లెక్కపెట్టేవాళ్లం. తర్వాత అమెరికాలో నిద్ర వైద్యుల సంఘం రెండింటినీ కలిపేసింది, మాకు కొంత పని తగ్గింది. అల ఎత్తు 75 మైక్రోవోల్టులు దాటితేనే లెక్కలోకి తీసుకుంటాం. టార్చిలైటు బ్యాటరీలో ఉండే వోల్టేజీలో అది ఇరవై వేలో వంతు. అంత చిన్న కరెంటే పెన్నుల్ని కాగితం మీద కొండల్లా గీయిస్తుంది. పిల్లలు ఎదగడానికి కావాల్సిన గ్రోత్ హార్మోన్ ఎక్కువగా ఊరేది ఈ వేళలోనే. నిద్రలో నడిచేవాళ్లు లేచి నడిచేదీ ఈ దశలోంచే. వాళ్లు కలగంటూ నడుస్తున్నారనుకుంటాం గానీ మామూలుగా అది కల వేళ కాదు.

ఇక నా మొదటి నైట్ డ్యూటీ సంగతి. అప్పట్లో ఇంకా కాగితం మెషీనే. తెల్లవారుజాము నాలుగు దాటింది. ఉన్నట్టుండి గీత చిన్నదైపోయింది, అచ్చం మెలకువలో ఉన్నట్టు. కళ్ల పెన్నులు రెండూ ఎదురెదురుగా గెంతడం మొదలుపెట్టాయి. మనిషి లేచి దిక్కులు చూస్తున్నాడు, ఇప్పుడు వైర్లన్నీ పీకేసుకుంటాడని గదిలోకి పరుగెత్తాను. తీరా చూస్తే ఆ లారీ డ్రైవరు నోరు తెరిచి, చెయ్యి మంచం కిందకి వేలాడేసి ఒళ్లెరగని నిద్రలో ఉన్నాడు. రెప్పల కింద గుడ్లు మాత్రం కదిలే బస్సులోంచి కరెంటు స్తంభాలు లెక్కపెడుతున్నట్టు టకటకా కదులుతున్నాయి. వెనక్కొచ్చి చూస్తే గడ్డం గీత దారంలా సన్నగా పోతోంది, కండరం పూర్తిగా వదిలేసింది. మెలకువలో ఉన్నవాళ్లకి అలా రాదు.

పొద్దున మా డాక్టరు గారు నా హడావిడి విని బాగా నవ్వారు. షికాగో యూనివర్సిటీలో యూజీన్ ఎసెరిన్‌స్కీ అనే విద్యార్థి 1951లో ఎనిమిదేళ్ల కొడుకు తలకి వైర్లు అంటించి పాత మెషీన్ మీద రికార్డు చేస్తుంటే ఇదే కనిపించిందట. ఆయనా మొదట మెషీన్ పాడైందనే అనుకున్నాడట. 1953లో తన ప్రొఫెసరు క్లీట్‌మన్‌తో కలిసి ప్రచురించాడు. అదే రెమ్ నిద్ర, అంటే కళ్లు వేగంగా కదిలే నిద్ర, ముఖ్యంగా కలలు వచ్చే వేళ. ఆ వేళ మెదడు దాదాపు మెలకువలో ఉన్నంత పని చేస్తుంది. కలలో పరుగెత్తుతున్న మనిషి నిజంగా లేచి పరుగెత్తకుండా మెదడు అడుగున వెన్నుపాముతో కలిసే కాండం నుంచి కండరాలకి బ్రేకు పడుతుంది. ఆ బ్రేకు సంగతి 1959లో ఫ్రాన్స్‌లో మిషెల్ జూవే పిల్లుల మీద చూపించాడు.

ఈ దశలన్నీ కలిపి ఒక చుట్టు, సుమారు తొంభై నిమిషాలు. రాత్రికి నాలుగైదు చుట్లు. మీ పేజీలో రాసినాయన ఈ ముక్క తెలుసుకుని ఉండాల్సింది: చుట్లన్నీ ఒకేలా ఉండవు. గాఢనిద్ర ఎక్కువగా మొదటి చుట్లలో అయిపోతుంది. రెమ్ మొదటి చుట్టులో కొద్ది నిమిషాలే, తెల్లారేకొద్దీ పెరిగి చివరి చుట్లలో అరగంట దాకా సాగుతుంది. తెల్లవారుజామున వచ్చిన కల నిజమవుతుందని మా అమ్మ అనేది. నిజమయ్యే సంగతి పక్కన పెడితే, తెల్లవారుజామునే కలలు ఎందుకు ఎక్కువ వస్తాయో, ఎందుకు గుర్తుంటాయో నేను కాగితం మీద చూశాను.

అప్పట్లో ఒక పేజీ అంటే ముప్ఫై సెకన్లు. కాగితం సెకనుకి ఒక సెంటీమీటరు నడుస్తుంది, పేజీ వెడల్పు 30 సెంటీమీటర్లు. ఎనిమిది గంటలకి 960 పేజీలు, 288 మీటర్ల కాగితం. పేజీ పేజీకీ ఇది ఏ దశ అని పెన్సిలుతో రాయాలి. ఇప్పుడంతా కంప్యూటర్లే గానీ ఆ ముప్ఫై సెకన్ల లెక్క మారలేదు. అన్ని వేల పేజీల్లో గీత కదలకుండా బల్లపరుపుగా ఉన్న నిద్ర పేజీ నాకు ఒక్కటీ తగల్లేదు. బల్లపరుపు గీత చూశాను, ఐసీయూలో. దాన్ని ఎవరూ నిద్ర అనరు.

ఇక ఇంటి గొడవ. మా అమ్మాయి కొడుకు ఇంటర్ రెండో సంవత్సరం, హాస్టల్లో ఉంటాడు. రాత్రి పదకొండున్నరకి లైట్లు తీస్తారు, తెల్లవారుజామున నాలుగున్నరకి విజిల్. అయిదు గంటలు, మీ పేజీలో రాసినంతే. అంటే మూడు చుట్లు, ఇంకాస్త. రెమ్ దండిగా ఉండే చివరి రెండు చుట్లూ రోజూ విజిల్‌కి పోతున్నాయి. ఈ వయసులో నిద్రపుచ్చే హార్మోన్ చిన్నపిల్లల కంటే ఆలస్యంగా ఊరుతుంది, కాబట్టి తొమ్మిదింటికే పడుకోమన్నా నిద్ర రాదు. 13 నుంచి 18 ఏళ్ల పిల్లలకి ఎనిమిది నుంచి పది గంటలు కావాలని నేను పైన చెప్పిన ఆ సంఘమే 2016లో చెప్పింది. కాలిఫోర్నియాలో అయితే హైస్కూళ్లు ఎనిమిదిన్నరకి ముందు తెరవకూడదని చట్టమే చేశారు, 2022 నుంచి అమల్లో ఉంది.

సంక్రాంతికి వచ్చినప్పుడు వాడు ఇంకో సంగతి చెప్పాడు. 'అమ్మమ్మా, మా రూములో దెయ్యం ఉంది.' పక్క మంచం పిల్లాడికి విజిల్ వేళకి మెలకువ వస్తుందట, కళ్లు తెరుచుకుంటాయట, కానీ కాలూ చెయ్యీ కదలదు, గొంతు పెగలదు, గుండెల మీద ఎవరో కూర్చున్నట్టు ఉంటుందట. వార్డెన్ నిమ్మకాయలు కట్టించాడు. ఆ పిల్లాడి తల్లి తాయెత్తు తెచ్చి కట్టింది. నిద్ర చాలని పిల్లల్లో ఇది మామూలే. రెమ్‌లో ఉన్నవాణ్ని విజిల్ లేపింది, మెదడు లేచింది, కండరాల బ్రేకు ఇంకా విడవలేదు. ఒకటి రెండు నిమిషాల్లో అదే విడుతుంది. ఇది చెప్తే మావాడు కొంచెం నిరాశపడ్డాడనుకోండి, దెయ్యమైతే ఇంటికి పంపేస్తారని వాళ్ల ఆశ.

ఆ రాత్రే అన్నం తింటూ ముద్ద చేతిలో పెట్టుకుని ఆగిపోయాడు. కళ్లు తెరిచే ఉన్నాయి. మూడు నాలుగు సెకన్లు. మళ్లీ ఏమీ జరగనట్టు తిన్నాడు. వాళ్లమ్మ చూడలేదు. నేను వైర్లు లేకుండానే చూశాను, పదిహేడేళ్ల అలవాటు. దాన్ని మైక్రోస్లీప్ అంటారు, తెలియకుండానే పట్టే కొన్ని సెకన్ల కునుకు. క్లాసులో లెక్చరరు బోర్డు మీద లెక్క చేస్తుంటే ఇలాంటివి ఎన్ని పోతున్నాయో ఆ కాలేజీ వాళ్లు ఎప్పుడైనా లెక్కపెట్టారా?

చదివింది గుర్తుండాలంటే చదివాక నిద్ర కావాలి. 1994లో అమెరికాలో అరిజోనా యూనివర్సిటీలో విల్సన్, మెక్‌నాటన్ అనే ఇద్దరు ఎలుకల మెదడులో హిప్పోకాంపస్ అనే జ్ఞాపకాల చోట సన్నటి తీగలు పెట్టి చూశారు. మెలకువలో తిరుగుతున్నప్పుడు ఏ కణాలు కలిసి పనిచేశాయో, తర్వాత గాఢనిద్రలో మళ్లీ ఆ కణాలే కలిసి పనిచేశాయి. ఎలుక పడుకుని పగలు నడిచిన దారిని నెమరువేసుకుంటోందన్నమాట. మా మనవడికి ఆ నెమరువేసుకునే టైమే లేదు.

పేరెంట్స్ మీటింగుకి నేనే వెళ్లి అడిగాను. బ్రాహ్మీ ముహూర్తంలో చదివితే బుర్రకెక్కుతుందని ఇన్‌ఛార్జి చెప్పాడు. బాబూ, ఆ ముహూర్తంలో లేచిన మా తాతలు దీపాలవేళకే అన్నం తిని మంచమెక్కేవాళ్లు, మీరు పదకొండున్నర దాకా స్టడీ అవర్ పెట్టారు, రెండింట్లో ఒకటి తీసేయండి అన్నాను. పక్కనున్న ఒక తండ్రి నా మీదకే లేచాడు. ఇంకో కాలేజీలో నాలుగింటికే లేపుతున్నారట, ఇక్కడ అరగంట ఎక్కువ పడుకోనిస్తున్నారని ఆయన బాధ. మా అల్లుడు నా వైపు చూడకుండా సెల్ చూసుకుంటూ కూర్చున్నాడు.

నేను మిమ్మల్ని అడిగేది చిన్నదే. నిద్రలో మెదడు పని ఆపేస్తుందని వేసిన ఆ వాక్యం తప్పని అదే పేజీలో, అదే సైజు అక్షరాల్లో వేయండి. దాని ఫోటో తీసి గ్రూపులో పెట్టే పని నేను చూసుకుంటాను. ఆ విజిల్ ఆరింటికి మార్చమని కాలేజీల వాళ్లకి మీ లాంటి పేపరు చెబితే వింటారేమో కూడా చూడండి.

నా పేరు, వీధి పేరు మాత్రం వేయకండి. పిల్లాడు మార్చి దాకా ఆ హాస్టల్లోనే ఉండాలి.

ఇట్లు,
ఒక రిటైర్డ్ ఇ.ఇ.జి. టెక్నీషియన్,
తెనాలి