పట్టిన ఎలుగుబంట్లను జూకి పంపకండి: అటవీ అధికారి గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన అటవీ అధికారి గారికి,

నమస్కారం. మా ఊరి అర్జీలకు జవాబు రాలేదు. అందుకే నలుగురి ముందు రాస్తున్నాను.

కళ్యాణదుర్గం వైపు గుట్టల్లోని ఎలుగుబంట్లు పుట్టలు తవ్వి చెదలు, చీమలు తింటాయి, రేగుపళ్ల కోసం తిరుగుతాయి. గుట్ట మీద నీళ్లు, పళ్లు లేనప్పుడు వేరుశనగ చేలల్లోకి దిగుతాయి. రాత్రి మోటారు వేయడానికి వెళ్లే రైతుకు ప్రాణభయం. అతను తిరిగొచ్చేదాకా ఇంట్లోవాళ్లకు టెన్షన్. గాయపడినవాళ్ల బాధను నేను తక్కువ చేయను. అయినా, పట్టి జూలో పెట్టేయాలన్న మాట నాకు సమ్మతం కాదు. రాత్రంతా గుట్టలు తిరిగే జంతువు ఎన్‌క్లోజర్‌లో అదే నాలుగడుగుల దారి తొక్కుతూ బతకాలి. ఇక్కడ గుట్ట ఎండే ఉంటుంది, ఇంకో ఎలుగు దిగుతుంది.

1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం 11వ సెక్షన్ ప్రకారం, పట్టిన జంతువును తిరిగి అడవిలో వదలడం కుదరదని చీఫ్ వైల్డ్‌లైఫ్ వార్డెన్ కారణాలు రాసి తేల్చితేనే దాన్ని బంధించి ఉంచాలి. అలా రాసిన కారణాలుంటే మాకూ చూపించండి.

వేసవిలోపే గుట్టల్లో నీటితొట్లు నింపించండి. రేగు, నేరేడు, సీతాఫలం నాటించండి. పొలాలకు పగటి కరెంటు కోసం విద్యుత్ శాఖకు మీరే రాయండి. గాయపడినవారికి పరిహారం ఆలస్యం లేకుండా ఇప్పించండి. ఈ లేఖకు రాతపూర్వకంగా జవాబివ్వండి.

భవదీయుడు,
గుట్ట కింద పొలమున్న ఒక రైతు, అనంతపురం జిల్లా