నువ్వు చేసేది, నువ్వు కోరుకునేది

తల్లీ,

నలుగురితో మనం ఎలా మెలుగుతామో చూపించే ఫైరో-బి ప్రశ్నావళిని మీ టీమ్‌లో అందరిచేతా నింపించారనీ, వచ్చే వారం వర్క్‌షాప్‌లో ఫలితాలు చేతికిస్తారనీ రాశావు. సంతోషం. అయితే ఆ కాగితం చూసి "ఓహో, నేను ఇలాంటి మనిషినన్నమాట" అనుకుని సొరుగులో పడేసేవాళ్లే ఎక్కువ. నువ్వలా చేయకూడదని నా కోరిక. ఫోన్లో చెబితే సగం జారిపోతుందని రాస్తున్నాను.

దీనికి ఆధారం అమెరికన్ మనస్తత్వ శాస్త్రవేత్త విల్ షుట్జ్ 1958లో వెలువరించిన సిద్ధాంతం. అక్కడి నౌకాదళంలో ఏ మనుషుల్ని ఏ మనుషులతో కలిపితే జట్టు పని సాగుతుందన్న పరిశోధనలోంచి పుట్టింది. ప్రశ్నావళిలో మొత్తం 54 ప్రశ్నలు. వాటి వెనక ఉన్నవి మూడే అవసరాలు. మొదటిది నలుగురిలో కలవడం: పిలుపు, గుర్తింపు, జట్టులో నాకూ ఒక చోటు. రెండోది అదుపు: ఎవరు నిర్ణయిస్తారు, ఎవరి మాట చెల్లుతుంది. మూడోది ఆత్మీయత: ఒకరిద్దరి దగ్గర మనసు విప్పగలిగేంత దగ్గరితనం. మొదటిదీ మూడోదీ ఒకటేననిపిస్తాయి కానీ కాదు. పదిమందిలో సందడిగా తిరుగుతూ ఒక్కరికీ లోపలి మాట చెప్పనివాళ్లు ఉంటారు. పెద్ద మీటింగంటే తప్పించుకు తిరుగుతూ, పక్క సీటు మనిషికి మాత్రం ప్రాణం పెట్టేవాళ్లూ ఉంటారు.

ఒక్కో అవసరానికీ రెండు వైపులు. ఇతరుల పట్ల నువ్వు చేసేది ఒకటి, ఇతరులు నీ పట్ల చేయాలని కోరుకునేది ఒకటి. అలా వచ్చేవే ఆరు అంకెలు. ఒక్కొక్కటీ 0 నుంచి 9 దాకా ఉంటుంది. 0–2 అయితే తక్కువ, 3–6 మధ్యస్థం, 7–9 ఎక్కువ. అందరూ మొత్తం ఎంతొచ్చిందని చూస్తారు. నువ్వు మాత్రం ముందు జంటల్ని చూడు, చేసేదానికీ కోరేదానికీ మధ్య ఎంత ఎడం ఉందో చూడు. ఒక అంకె తేడాని పట్టించుకోకు. నాలుగైదు ఉంటే మాత్రం ఆగి ఆలోచించు. పనిచోట అపార్థాలు ఎక్కువగా పుట్టేది ఆ ఎడంలోనే.

కలవడంలో చేసేది 2, కోరేది 8 వచ్చిందనుకో. నువ్వుగా ఎవర్నీ పిలవవు, ఎవరి టేబుల్ దగ్గరికీ వెళ్లవు, మీటింగులో వెనక కుర్చీ చూసుకుంటావు. లోపల మాత్రం "ఒక్కసారి నన్నూ పిలవొచ్చుగా" అని ఉంటుంది. ఎదుటివాళ్లకి కనిపించేది నీ ప్రవర్తన ఒక్కటే. అది చూసి, ఈ అమ్మాయికి ఒంటరిగా ఉండటమే ఇష్టం కాబోలనుకుంటారు. నీ మీద గౌరవంతోనే పిలవడం మానేస్తారు. అది నీకు వెలివేసినట్టుంటుంది. నువ్వు ఇంకాస్త ముడుచుకుంటావు. ఇందులో ఎవరి తప్పూ లేదు, అయినా ఏడాది తిరిగేసరికి ఇద్దరి మధ్యా గోడ లేస్తుంది.

అదుపు విషయంలో ఎడం ఇంకోలా బయటపడుతుంది. చేసేది 7, కోరేది 1 అయితే నిర్ణయాలు చకచకా తీసుకుంటావు, ఎవరైనా "ఇలా చెయ్యి" అంటే మాత్రం ఒళ్లు మండుతుంది. పై అధికారి మామూలుగా అడిగిన ప్రోగ్రెస్ రిపోర్టు కూడా అనుమానంలా వినిపిస్తుంది. అంకెలు తిరగబడితే, అంటే చేసేది 1, కోరేది 7 అయితే, మేనేజర్ "నీకు తోచినట్టు చెయ్యి" అన్న రోజున నిద్ర పట్టదు. ఆయన నమ్మకంతో అన్నాడు. నువ్వు గాలికొదిలేశాడని విన్నావు. అప్పుడు చేయాల్సింది చాలా చిన్న పని. "సరేనండి. నేను ఈ మూడు అంశాలతో మొదలుపెడతాను. గురువారం పావుగంట చూసి, దారి సరిగ్గా ఉందో లేదో చెబుతారా?" ఈ మాటలో పరిస్థితి ఉంది, నీకేం కావాలో ఉంది, ఎప్పటికో ఉంది. ఈ మూడూ ఉంటే ఎంత బిజీ మనిషైనా కాదనడం అరుదు. "మీరు సరిగా గైడ్ చేయడం లేదు" అంటే నీ అవసరం ఫిర్యాదై, ఆయన తనని తాను సమర్థించుకోవడంలో పడతాడు.

ఆత్మీయతలో చేసేది ఎక్కువై కోరేది తక్కువైతే, అందరి కష్టాలూ వింటావు, నీ గురించి అడిగితే మాట మార్చేస్తావు. అలాంటివాళ్ల మీద పనిభారం ఎంత పడినా ఎవరికీ తెలియదు.

షుట్జ్ చెప్పినవాటిలో నాకు అన్నిటికంటే విలువైనదిగా తోచేది ఒకటుంది. పైకి పూర్తిగా ఎదురెదురుగా కనిపించే రెండు ప్రవర్తనల వెనక ఒకే భయం ఉండొచ్చు. నన్నెవరూ పట్టించుకోరేమోనన్న భయం ఒకర్ని మూలన కూర్చోబెడుతుంది, ఇంకొకర్ని ప్రతి మాటలోనూ దూరేలా చేస్తుంది. నాకు చేతకాదేమోనన్న బెరుకుతో ఒకరు ఏ నిర్ణయమూ తీసుకోరు, ఇంకొకరు ఎవర్నీ తీసుకోనివ్వరు. కాబట్టి మీ టీమ్‌లో నీకు బొత్తిగా గిట్టని మనిషి ఉంటే, "ఈమెకి ఏం కావాలి?" అని ఒకసారి ఆలోచించు. ఆమె చేసేదాన్ని నువ్వు మెచ్చుకోనక్కర్లేదు. ఆమె ప్రతి మెయిల్లోనూ తనని కాపీలో పెట్టమంటుంటే, అడగకముందే పెట్టి చూడు. చాలాసార్లు అంతటితో పోరు తగ్గుతుంది.

ఫలితం చేతికొచ్చేలోపు ఒక పని చెయ్యి. నీ ఆరు అంకెలూ ఎంతొస్తాయో నువ్వే ఊహించి ఒక కాగితం మీద రాసి పెట్టుకో. ఊహకీ ఫలితానికీ ఎక్కడ పొంతన కుదరలేదో అక్కడ నీ గురించి నీకు తెలియనిది ఉండొచ్చు. లేదా నువ్వు ప్రశ్నలకి ఎలా ఉన్నావో కాక, ఎలా ఉండాలనుకుంటున్నావో జవాబిచ్చి ఉండొచ్చు. ఇది చాలామంది చేసే పొరపాటు. ఇంట్లో మనిషిగా కొన్నిటికీ, ఆఫీసు మనిషిగా కొన్నిటికీ జవాబిచ్చినా అంకెలు కలగాపులగం అవుతాయి. ఈ అంకెలు పుట్టుమచ్చలు కావు తల్లీ. ఉద్యోగం మారినా, ఇంట్లో కష్టమొచ్చినా, కొత్త బాధ్యత మీద పడినా మారతాయి.

తర్వాత పది పనిదినాలు ఒక చిన్న పుస్తకం రాయి. పేజీకి నాలుగు గడులు: ఏం జరిగింది, నేనేం చేశాను, నాకేం కావాలనిపించింది, అది పైకి చెప్పానా. రోజుకి రెండు సంఘటనలు మించొద్దు, ఐదు నిమిషాలు చాలు. ఎక్కువ రాయబోతే మూడో రోజుకే మానేస్తావు. మొదటి గడిలో అందరూ తప్పుతారు. "నన్ను అవమానించాడు" అని రాస్తారు. అది తీర్పు, సంఘటన కాదు. "నేను మాట్లాడుతుంటే ల్యాప్‌టాప్ నుంచి తల ఎత్తలేదు, తర్వాత వేరేవాళ్లని అడిగాడు" అని రాయి. కెమెరా పెడితే ఏం రికార్డవుతుందో అంతే రాయాలి. అలా రాస్తే మూడో గడి నిజాయితీగా వస్తుంది, లేకపోతే అక్కడ కూడా కోపమే వస్తుంది. పదో రోజు ఒక్కో సంఘటన పక్కనా కలవడం, అదుపు, ఆత్మీయతల్లో ఏది తగులుతుందో గుర్తుపెట్టు. ఆఖరి గడిలో "లేదు" అని ఎక్కువగా ఏ అవసరం దగ్గర వచ్చిందో, నీ పని అక్కడినుంచి మొదలు.

పుస్తకంలో కనిపించనిది ఇంకొకటుంది. మనస్తత్వ శాస్త్రవేత్తలు జోసెఫ్ లుఫ్ట్, హారింగ్టన్ ఇంగమ్ 1955లో ప్రతిపాదించిన జోహారీ కిటికీ అనే నాలుగు గడుల పటంలో ఒక గడి, ఇతరులకు కనిపిస్తూ మనకి మాత్రం కనిపించని మన ముఖం. దాన్ని అడిగి తెలుసుకోవాల్సిందే. ముగ్గుర్ని ఎంచుకో: నీకంటే పైవాళ్లు ఒకరు, సమానులు ఒకరు, నీతో పని ఉన్నా స్నేహం లేనివాళ్లు ఒకరు. మూడోవాళ్ల మాటే ఎక్కువ పనికొస్తుంది. "నేనెలా ఉన్నాను?" అని మాత్రం అడగకు. "బాగున్నావమ్మా" అంటారు, అక్కడితో అయిపోతుంది. "మనిద్దరం కలిసి పనిచేసేటప్పుడు నేను చేసే ఏ ఒక్క పని మానేస్తే మీకు తేలికవుతుంది?" అని అడుగు. జవాబు చెబుతుండగా "అది ఎందుకంటే..." అని మొదలుపెట్టకు. ఆ ఒక్క మాటతో వాళ్లు ఇంకెప్పుడూ నిజం చెప్పరు. రాసుకో, థాంక్స్ చెప్పు, ఒక రోజు గడిచాక చదువుకో.

మీ టీమ్ కొత్తది కాబట్టి ఇంకో మాట. షుట్జ్ లెక్కన జట్టు కూడా ఈ మూడు మెట్లూ అదే వరసలో ఎక్కుతుంది. నేను ఇందులో ఉన్నానా లేనా, నా మాటకి బరువెంత, ఎవరికి ఎంత దగ్గర. మొదటి వారాల్లో అందరూ మర్యాదగా ఉండి, తర్వాత ఎవరు నిర్ణయించాలన్న దగ్గర గొడవలొస్తే, జట్టు చెడిపోయిందని బెంగపడకు. రెండో మెట్టు మీదున్నారు. అప్పుడు అందర్నీ కలిపి సరదాగా బయటికి తీసుకెళ్తే సమస్య తీరదు. ఏ నిర్ణయం ఎవరిదో రాసి పెట్టుకుంటే తీరుతుంది.

ఈ ప్రశ్నావళి తెలివినీ, పనితనాన్నీ కొలిచేది కాదు. ఉద్యోగానికి ఎంపిక చేయడానికో, ప్రమోషన్ తేల్చడానికో ఎవరైనా దీన్ని వాడబోతే, అది ఇందుకు కాదని మర్యాదగానే గట్టిగా చెప్పు. వర్క్‌షాప్‌లో అంకెలన్నీ అందరి ముందూ చదవమన్నా చదవాల్సిన పని లేదు. "నాకు స్పష్టంగా చెబితే పని బాగా సాగుతుంది" లాంటి ఒక్క వాక్యం, నీకు ఇబ్బంది లేనిది, చెబితే చాలు.

పది రోజుల పుస్తకం పూర్తయ్యాక ఒక ఆదివారం తీరిగ్గా ఫోన్ చెయ్యి. నాకు చూపించాలనిపించిన పేజీలు ఉంటే ఇద్దరం కలిసి చూద్దాం, లేకపోతే ఉత్త కబుర్లు చెప్పుకుందాం.

ఆశీస్సులతో,
నాన్న