శుక్రవారం నుంచే మన నడక

మిత్రులారా,
శుక్రవారం తెల్లవారుజామున 5 గంటలకు కాణిపాకం గుడి దగ్గరికి వచ్చేయండి. పూతలపట్టు, చంద్రగిరి మీదుగా తిరుపతికి నాలుగు రోజుల నడక. ఎండ ముదిరేలోపే ఆగుతాం.

మాస్టారి చక్రాల కుర్చీని గంటకు ఇద్దరు చొప్పున తోయాలి. ఎక్కుడు కన్నా దిగుడే ప్రమాదం, అక్కడ వెనక నుంచి ఒకరు తాడు పట్టుకొని తీరాలి. (కుర్చీలో కూర్చున్నా మాస్టారు హాజరు తీసుకుంటారట, జాగ్రత్త!) గాలి పంపు, అదనపు ట్యూబు నేను తెస్తాను.

గుడారాలు ఆటోలో ముందే వెళతాయి. మీరు దుప్పటి, టార్చి, బాగా అలవాటైన బూట్లు తెచ్చుకోండి. కొత్తవి వద్దు, బొబ్బలెక్కుతాయి.

అలిపిరి దారిలో 3,550 మెట్లు. కాబట్టి మాస్టారితో ఇద్దరు బస్సులో కొండెక్కాలి. ఎవరో ఈ రాత్రికే చెప్పండి.