వరి డీఎన్ఏను వెతికే సాఫ్ట్‌వేర్‌ను బతికించండి: కేంద్ర శాస్త్ర, సాంకేతిక శాఖ మంత్రి గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన మంత్రి గారికి,

నమస్కారం. నేను డిగ్రీ కాలేజీలో బయోఇన్ఫర్మాటిక్స్, అంటే డీఎన్ఏ లాంటి జీవ సమాచారాన్ని కంప్యూటర్‌తో విశ్లేషించే శాస్త్రం, చెప్పే లెక్చరర్‌ని. మాది వరి మీద బతికిన ఇల్లు. ఎండాకు తెగులు సోకిన బీపీటీ (సాంబ మసూరి) వరి చేలో ఆకులు అంచుల నుంచి పసుపు తిరిగి గడ్డిలా ఎండిపోవడం చిన్నప్పుడే చూశాను. ఎందుకలా జరుగుతుందో అర్థమైంది మాత్రం పాఠాలు చెప్పడం మొదలుపెట్టాకే.

ఆ తెగులు బ్యాక్టీరియా తన ప్రోటీన్‌ను వరి కణంలోకి ఎక్కిస్తుంది. అది స్వీట్ అనే జన్యువు ముందు, ఏ, సీ, జీ, టీ అనే నాలుగు అక్షరాలతో రాసినట్టుండే డీఎన్ఏలో ఒక చిన్న అక్షరాల వరుస మీద కూర్చుని ఆ జన్యువును ఆన్ చేస్తుంది. కణంలోని చక్కెర బయటికి వస్తుంది. బ్యాక్టీరియాకు కావలసింది అదే. ఎక్స్ఏ13 అనే నిరోధక జన్యువున్న వరిలో సరిగ్గా ఆ చోట అక్షరాలు మారి ఉంటాయి. ప్రోటీన్‌కు కూర్చునే చోటు దొరకదు. హైదరాబాద్‌లోని సీసీఎంబీ (కణ, అణు జీవశాస్త్ర పరిశోధన కేంద్రం), వరి పరిశోధన సంస్థ కలిసి తయారుచేయగా 2008లో విడుదలైన ఇంప్రూవ్డ్ సాంబ మసూరిలోని మూడు నిరోధక జన్యువుల్లో ఇదొకటి.

ఇలాంటి చోట్లు కంటితో వెతికితే దొరకవు. వరి జీనోమ్‌లో, అంటే దాని మొత్తం డీఎన్ఏలో, దాదాపు 40 కోట్ల అక్షరాలున్నాయి. పైగా ఒకే ప్రోటీన్ కూర్చునే చోట్లన్నీ అచ్చం ఒకేలా ఉండవు, ఒకటి రెండు అక్షరాలు తేడా వస్తాయి. 1994లో వచ్చిన మీమ్ లాంటి సాఫ్ట్‌వేర్ ఏ స్థానంలో ఏ అక్షరం ఎన్నిసార్లు వస్తోందో లెక్కగట్టి ఆ పోలికను పట్టుకుంటుంది. తెగులు ప్రోటీన్లు డీఎన్ఏ అక్షరాలను ఎలా గుర్తుపడతాయో 2009లో తేలింది. ఆ తర్వాత అవి ఎక్కడ కూర్చుంటాయో ముందే అంచనా వేసే టూల్స్ కూడా వచ్చాయి.

చదువుకునేవాళ్లకు ఇవి ఉచితం. కానీ ఎవరో ఒకరు చూసుకుంటేనే నడుస్తాయి. నిరుడు మా ప్రాక్టికల్స్ రోజున మేం వాడే విదేశీ సర్వర్ తెరుచుకోలేదు. పిల్లల టెన్షన్ చూడలేకపోయాను. మన దగ్గర తయారైన టూల్స్ పరిస్థితీ బాగాలేదు. రాసిన విద్యార్థి పీహెచ్‌డీ ముగించుకుని వెళ్లిపోతే లింకు పనిచేయడం మానేస్తుంది. జర్నల్స్ చదవడానికి మీ ప్రభుత్వం మూడేళ్లకు 6,000 కోట్లు కేటాయించింది, సంతోషం. చదివినదాన్ని చేసి చూసే పనిముట్టుకు కూడా డబ్బు కావాలి.

ఫరీదాబాద్‌లో 2022లో ప్రారంభమైన ఇండియన్ బయోలాజికల్ డేటా సెంటర్‌లో ఈ టూల్స్‌కు మన సొంత సర్వర్లు పెట్టించండి, చిన్న కాలేజీలకూ లాగిన్ ఇప్పించండి. వాటిని చూసుకునే ప్రోగ్రామర్లకు ఏడాది కాంట్రాక్టులు కాకుండా శాశ్వత పోస్టులు ఇవ్వండి.

అన్నిటికన్నా ముఖ్యమైన మాట ఇంకొకటుంది. ప్రోటీన్లు డీఎన్ఏ మీద కూర్చునే చోట్ల (బైండింగ్ సైట్ల) డేటాబేస్ జాస్పర్‌లో మొక్కల విభాగం చూస్తే ఎక్కువ భాగం అరాబిడాప్సిస్ అనే చిన్న మొక్కవే. మనం తినేది వరి. వరి ప్రోటీన్లు డీఎన్ఏ మీద ఎక్కడ కూర్చుంటాయో కొలిచే ప్రయోగాలకు మన ల్యాబుల్లోనే నిధులివ్వండి, ఆ డేటాను అందరికీ తెరిచి ఉంచండి.

కొత్త బ్యాచ్‌కు మొదటి ల్యాబ్‌లో వరి స్వీట్ జన్యువునే ఇద్దామనుకుంటున్నాను. ఆ రోజుకు మన సర్వర్ పనిచేస్తూ ఉండేలా చూడండి.

ఇట్లు,
ఒక లెక్చరర్