షికాగోతో పాటు పెష్టిగోనూ తలచుకోవాలి

సంపాదకుల వారికి,

అమెరికాలో ఏటా అక్టోబరులో జరిగే అగ్నిప్రమాద నివారణ వారోత్సవాల గురించి మన పత్రికల్లో వచ్చే వ్యాసాలు 1871 నాటి షికాగో అగ్నిప్రమాదంతో మొదలై అక్కడే ముగుస్తున్నాయి. సరిగ్గా ఆ అక్టోబరు 8 రాత్రే, షికాగోకు ఉత్తరాన విస్కాన్సిన్ అడవుల్లోని పెష్టిగో అనే కలప పట్టణం పూర్తిగా బూడిదైంది. షికాగోలో సుమారు 300 మంది మరణించగా, పెష్టిగోలోనూ చుట్టుపక్కల పల్లెల్లోనూ 1,200 నుంచి 2,500 మంది వరకు ప్రాణాలు కోల్పోయారని అంచనా. అమెరికా చరిత్రలో ఇంతమందిని బలిగొన్న కార్చిచ్చు మరొకటి లేదు.

దీన్ని కేవలం ప్రకృతి వైపరీత్యం అనడం నాకు సమ్మతం కాదు. ఆ ఏడాది వానలు లేని మాట నిజమే. కానీ చెట్లు నరికినవారు కొమ్మలూ రెమ్మలూ అడవిలోనే వదిలేశారు. రైలుమార్గం వేసేవారు పొదలను, రైతులు మొద్దులను తగలబెడుతూ వచ్చారు. కొన్ని వారాల ముందే మంటలు ఊరి అంచుదాకా వచ్చి ఆగినా, ఈ అలవాటు మారలేదు. ఊరంతా చెక్క ఇళ్లు, చెక్క కాలిబాటలు, రంపపు పొట్టు. పెనుగాలి లేవగానే ఆ చిన్నచిన్న మంటలన్నీ ఏకమయ్యాయి.

ప్రాణాలతో బయటపడిన ఫాదర్ పీటర్ పెర్నిన్ అనే మతగురువు ఆ రాత్రి గురించి రాసిన వివరాలు చదివితే మనసు కలచివేస్తుంది. అవతలి ఒడ్డు క్షేమమనుకుని నదికి రెండు వైపుల నుంచీ పరుగెత్తుకొచ్చిన జనం వంతెన మీద ఒకరికొకరు ఎదురయ్యారు. నీళ్లలోకి దిగినవారు గంటల తరబడి తలల మీద నీళ్లు చల్లుకుంటూ నిలబడ్డారు. పైన సెగ, కింద చలి.

తంతి తీగలు కాలిపోవడంతో కబురు రాజధానికి ఆలస్యంగా చేరింది. అప్పటికే గవర్నరు లూషియస్ ఫెయిర్‌చైల్డ్ షికాగో సహాయానికి వెళ్లి ఉండగా, ఆయన భార్య ఫ్రాన్సెస్ చొరవ తీసుకుని సహాయ సామగ్రిని పెష్టిగో వైపు పంపించారు. గుర్తుపట్టేవారు కూడా మిగలక సుమారు 350 మృతదేహాలను ఒకేచోట పూడ్చారు. ఊరి రికార్డులు కాలిపోయాయి. పని కోసం వచ్చిపోయే కూలీల లెక్క ఎవరి దగ్గరా లేదు. మృతుల సంఖ్య నేటికీ తేలకపోవడానికి కారణం ఇదే.

వచ్చే అక్టోబరులో ఈ విషయమై వ్యాసం ప్రచురించేటప్పుడు పెష్టిగో పేరును, ఆ మంటలు పుట్టిన తీరును కూడా పాఠకులకు వివరించవలసిందిగా కోరుతున్నాను.

ఇట్లు,
విస్కాన్సిన్‌లో నివసిస్తున్న ఒక తెలుగు పాఠకురాలు