పొగగొట్టం దగ్గర తూకం ఒక్కటే చాలదు

సంపాదకులకు నమస్కారం.

థర్మల్ కేంద్రాల కాలుష్యంపై మీ పత్రికలో వచ్చిన కథనం చదివాను. నేను ఒక థర్మల్ కేంద్రంలో ఈఎస్పీ విభాగంలో పనిచేసి రిటైరయ్యాను. పొగలో పోయే బూడిదను బరువుతోనే చెప్పే లెక్కల్లో కనపడని సంగతి ఒకటి ఉంది.

ఈఎస్పీ (ఎలక్ట్రోస్టాటిక్ ప్రెసిపిటేటర్) బాయిలర్ పొగలోని బూడిదను కరెంటుతో పట్టే యంత్రం. వేల వోల్టుల తీగల చుట్టూ పుట్టిన అయాన్లు (విద్యుత్ చార్జి ఉన్న కణాలు) బూడిద రేణువులకు అంటుకుంటాయి. అలా చార్జి ఎక్కిన రేణువు వెళ్లి ప్లేటుకు అతుక్కుంటుంది. సుత్తులు ప్లేట్లను కొడితే బూడిద కింద హాపర్‌లో, అంటే గరాటు లాంటి తొట్టిలో పడుతుంది. పొగ ఒకదాని తర్వాత ఒకటిగా దాటే ఈఎస్పీ భాగాలను ఫీల్డులంటాం. మొదటి ఫీల్డు బూడిద చేతికి గరగరలాడేది. చివరి ఫీల్డుదైతే టాల్కం పౌడరులా వేళ్ల సందుల్లోంచి జారిపోయేది.

అన్ని రేణువులకూ చార్జి ఒకేలా ఎక్కదు. ప్రయోగశాలల్లో రేణువులను సైజుల వారీగా వేరుచేసి, లెక్కపెట్టి, ఫారడే కప్పు అనే, చార్జిని పట్టే లోహపు గిన్నెలోకి పంపి, అవి మోసుకొచ్చిన అతి స్వల్పమైన కరెంటును ఎలక్ట్రోమీటరుతో కొలుస్తారు. ఒక్కో రేణువుకు సగటున ఎంత అందిందో దాన్నిబట్టి తేలుతుంది. మైక్రాను (మిల్లీమీటరులో వెయ్యో వంతు) దాటిన వాటికి విద్యుత్ క్షేత్రమే అయాన్లను తోసి అంటిస్తుంది, సులువుగా దొరుకుతాయి. 0.1 మైక్రాను కంటే చిన్నవాటికి కాస్త చార్జి అందినా చాలు, గాలి పెద్దగా అడ్డుకోదు కనుక ప్లేటు దాకా చేరతాయి. ఈ రెంటి మధ్య సైజువే ఎక్కువగా తప్పించుకుంటాయి. ఊపిరితిత్తుల లోతుకు చేరగల సైజు కూడా అదే.

కేంద్ర పర్యావరణ శాఖ 2015లో తెచ్చిన నిబంధనల్లో పొగలోని బూడిదకు ఉన్నది బరువు పరిమితే. యూనిట్ పెట్టిన ఏడాదిని బట్టి ఘనపు మీటరుకు 100, 50, 30 మిల్లీగ్రాములు. ఒక్క 10 మైక్రాన్ల రేణువు, వెయ్యి 1 మైక్రాను రేణువులంత తూగుతుంది. పెద్దవాటిని పట్టేస్తే అంకె బాగానే వస్తుంది, సన్నబూడిద సంగతి అందులో తెలియదు.

పైగా మన బొగ్గులో గంధకం తక్కువ, బూడిద ఎక్కువ. ఆ బూడిద కరెంటును తేలిగ్గా పోనివ్వదు. ప్లేట్ల మీద పొర పేరుకుని స్పార్కులు మొదలైతే వోల్టేజి తగ్గించేవాళ్లం. ఆ గంటల్లో ఏ సైజు ఎంత బయటికి పోయిందో చెప్పే పరికరం మా దగ్గర లేదు.

కాలుష్య నియంత్రణ మండళ్లు ఏడాదికొక్కసారైనా పొగగొట్టంలో రేణువులను సైజుల వారీగా లెక్కించి, వాటికి ఎక్కిన చార్జిని కూడా కొలిపించాలి. ఆ అంకెలను చుట్టుపక్కల ఊళ్ల పంచాయతీలకు పంపాలి.

— ఒక విశ్రాంత ఈఎస్పీ ఆపరేటర్, హనుమకొండ